ఒక జత పట్టీలు, 500 మొహాలు

"కాంటాక్ట్ పేపరా? అది పోయి ఎన్నేళ్లయిందప్పా!"

ఈ మాట నాతో అన్నవాళ్లలో ఒక్కడైనా ఆ కాగితాన్ని చేత్తో పట్టుకున్నవాడు లేడు. శవాన్ని చూడకుండానే కర్మకాండ చేసేసే రకం మనది. వెండి క్లోరైడ్ పూసిన కాగితం మీద నెగటివ్‌ను నేరుగా ఆనించి, పైన అద్దం బిగించి, బల్బు వెలిగించి ఫొటో వేసే పద్ధతి మన తాతల మొహాలను, ముత్తాతల మొహాలను మోసుకొచ్చింది. కోడక్ దాన్ని వదిలేసిన తర్వాత కూడా జర్మనీలో ఆడాక్స్ సంస్థ లూపెక్స్ పేరుతో కొత్తగా పూసి అమ్మింది. అమెరికాలో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు సొంతంగా తయారు చేయించి అమ్మారు. పాకాలలో కూర్చుని నేను చెప్తున్నా, వినండి. ఆ కాగితాన్ని చంపడానికి మీరు చేయగలిగినదంతా చేశారు. అయినా అది చావలేదు.

నాకు కోపం కాగితం దొరకనందుకు కాదు. దొరక్కుండా చేసినవాళ్లే ఈరోజు వేదికలెక్కి వారసత్వం, జ్ఞాపకం, మూలాలు అంటూ గొంతు బొంగురుపోయేలా మాట్లాడుతున్నందుకు.

ముందు ఆ వస్తువేమిటో తెలుసుకోండి. ఫొటో కాగితం మీద పూతలో ఉండేది వెండి లవణం. బ్రోమైడ్ చురుకైనది. చిన్న నెగటివ్‌ను ఎన్లార్జర్‌లో పెట్టి గోడంత చేయాలంటే లెన్సు గుండా వచ్చే కాస్త వెలుగే దానికి చాలు. క్లోరైడ్ నిదానం. నీలి, ఊదా వెలుగుకూ కంటికి కనిపించని అతినీలలోహితానికీ తప్ప దేనికీ పెద్దగా కదలదు. ఎన్లార్జర్ వెలుగు దానికి ఏ మూలకూ చాలదు. అందుకే నెగటివ్ ఎంతుంటే ఫొటో అంతే. పసుపు బల్బు కింద చేతులు కనిపించేలా పని చేసుకోవచ్చు. మధ్యలో లెన్సు లేదు కాబట్టి లెన్సు చేసే పాడు కూడా లేదు. దట్టమైన నెగటివ్‌ను పెట్టినా ఆ కాగితం బెదరదు. తాత తెల్ల పంచె మడతలు, ఆయన నల్లకోటు మడతలు, రెండూ ఒకే ఫొటోలో విడివిడిగా నిలుస్తాయి. మామూలు బ్రోమైడ్ కాగితం మీద అదే నెగటివ్ వేస్తే పంచె సున్నపు గోడ అవుతుంది, కోటు బొగ్గుముద్ద అవుతుంది.

ఇది రాజుల సామాను అనుకోకండి. ఫొటోగ్రఫీలో ఇంతకంటే పేదవాడి పరికరం లేదు. ఎన్లార్జర్ అక్కర్లేదు, ఖరీదైన లెన్సు అక్కర్లేదు. ఒక చెక్కపెట్టె, అందులో ఒక ఎర్ర బల్బు, ఒక తెల్ల బల్బు, పైన అద్దం, అద్దం మీద మూత. ఎర్ర వెలుగులో నెగటివ్ సరిచూసుకుని కాగితం పెట్టి మూత నొక్కితే తెల్ల బల్బు వెలుగుతుంది. లెక్కపెట్టి వదిలేయడమే. తర్వాత డెవలపర్ ట్రే, నీళ్ల ట్రే, బొమ్మను నిలబెట్టే హైపో ట్రే. చిన్న ఊళ్లలో స్టూడియోలు ఈ పెట్టె మీద బతికాయి. ధర్మవరం లైనూ కాట్పాడి లైనూ కలిసే మా పాకాల జంక్షన్ లాంటి ఊళ్లో మీటర్‌గేజ్ రోజుల్లో రైల్వే కూలీ ఫొటో, గార్డు ఫొటో, దామలచెరువు మామిడి మండీ దళారి ఫొటో, పెళ్లిచూపులకని ఫొటో ఎత్తించుకున్న ఆడపిల్ల ఫొటో అన్నీ అలాంటి పెట్టెల మీదుగానే లోకంలోకి వచ్చాయి. కులం, మతం, జీతం ఏదీ చూడని పెట్టె అది. దాని దగ్గర అందరి మొహమూ నెగటివ్ అంతే.

నా మాట నమ్మొద్దు. మీ ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టె దించండి. 1960ల్లో, 70ల్లో ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాతో తీసిన చదరపు ఫొటోలు ఉంటాయి. ఆ కెమెరా బరోడాలో తయారైంది, చాలా మధ్యతరగతి ఇళ్లకు మొదటి కెమెరా అదే. 120 రీలు, 12 బొమ్మలు, ఒక్కొక్కటీ రెండుంపావు అంగుళాలు. రీలు కడిగించినప్పుడు స్టూడియోవాళ్లు నెగటివ్ సైజులోనే వేసి ఇచ్చిన ప్రింట్లు అవి. వాటి పక్కనే 1980ల్లో గొప్పగా ఖర్చుపెట్టి తీయించిన కలర్ పెళ్లి ఫొటోలు పెట్టండి. పెళ్లికూతురు చీర ఏ రంగో ఆ ఫొటో చెప్పగలదా? మొహాలన్నీ ఎర్రగా పాలిపోయి ఉంటాయి, ఎందుకంటే ఆ కాగితంలో మిగిలినవి వట్టి రంగులు, అందులో నీలిపచ్చ రంగు చీకట్లో ఉన్నా వెలిసిపోతుంది. ఆ చిన్న చదరపు బొమ్మలో మీ అవ్వ ముక్కుపుడక ఇప్పటికీ మెరుస్తుంటుంది. అక్కడ మిగిలింది వెండి.

కొన్ని బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు కూడా పచ్చబడ్డాయి అంటారా? పడ్డాయి. కాగితాన్ని తిట్టకండి, నీళ్లను అడగండి. హైపోలో నుంచి తీసిన ప్రింటును పారే నీళ్లలో బాగా కడగాలి. బిందె నీళ్లకు మైలు నడిచే సీమలో స్టూడియోవాడు ట్రేలో రెండు సార్లు ముంచి తీసి ఆరేశాడు. కాగితం పీచుల్లో మిగిలిన హైపో 30 ఏళ్ల తర్వాత వెండిని తిని పచ్చ చేసింది. ఈ రోజు ఆ సాకు కూడా లేదు. హైపో తర్వాత సోడియం సల్ఫైట్ పల్చని ద్రావణంలో కాసేపు ఉంచితే కడగడానికి పట్టే నీళ్లు, సమయం బాగా తగ్గిపోతాయి. ఈ కిటుకు ఫొటో పుస్తకాలన్నింట్లో ఉంది. చదివేవాడే లేడు.

ఇప్పుడు "టెక్నాలజీ పోయింది" అనే మహానుభావులకు ఒక నిజం చెప్తాను, కాస్త గట్టిగా కూర్చోండి. తిరుపతి, చిత్తూరు కలర్ ల్యాబుల్లో పెద్ద మిషన్లలో నుంచి బయటికొచ్చే ఫొటో కాగితం ఉంది చూడండి, రోల్స్ రోల్స్‌గా వచ్చే ఆ కలర్ పేపర్ మీది పూత దాదాపు అంతా వెండి క్లోరైడే. 1980ల మధ్య నుంచి ప్రపంచమంతా కలర్ పేపర్‌ను ఎక్కువ క్లోరైడ్ పూతతోనే చేస్తోంది, త్వరగా డెవలప్ అవుతుంది కాబట్టి. మీ అబ్బాయి పెళ్లి ఫొటో అలాంటి మిషన్‌లో కడిగి ఉంటే, అది వెండి క్లోరైడ్ మీద పుట్టి, ఆ వెండిని రసాయనంతో ఊడబెరికి, వెలిసిపోయే రంగుల్ని మాత్రం మీకు అప్పగించిన ఫొటో. నిలిచేదాన్ని తీసేసి నిలవనిదాన్ని ఆల్బమ్‌లో అతికించి, దానికి వెల్వెట్ అట్ట వేసి వేలకు వేలు గుంజారు. వెండి క్లోరైడ్ టన్నులకొద్దీ పూస్తున్న ఈ ప్రపంచంలో, రంగు కలపకుండా అదే లవణాన్ని మామూలు కాగితం మీద పూయడం అసాధ్యమట! ఇది అజ్ఞానం అయితే క్షమించేవాణ్ణి. ఇది వ్యాపారం.

ఈ కాగితం ఎంత సామర్థ్యం గలదో చరిత్ర చెప్తుంది. లియో బేక్‌లాండ్ అనే బెల్జియం రసాయనవేత్త అమెరికా వెళ్లి 1890ల్లో వెలాక్స్ అనే క్లోరైడ్ కాగితం చేశాడు. అంతకుముందు ఫొటో వేయాలంటే ఎక్కువమంది ఎండ కోసం కాచుకోవాలి, మబ్బు పడితే పని ఆగిపోయేది. వెలాక్స్‌ను రాత్రిపూట గ్యాస్ దీపం వెలుగులో వేయొచ్చు. 1899లో కోడక్ అధినేత జార్జ్ ఈస్ట్‌మన్ భారీ మొత్తం ఇచ్చి ఆ వ్యాపారాన్ని కొనేశాడు. ఆ డబ్బుతో బేక్‌లాండ్ సొంత ప్రయోగశాల కట్టుకున్నాడు, 1907లో అందులో నుంచి బేకలైట్ పుట్టింది. మన పాత ఇళ్లలో నల్ల స్విచ్చులు, హోల్డర్లు గుర్తున్నాయా? వాటి వెనక పెట్టుబడి ఈ నిదానపు కాగితమే. ఆ తర్వాత కోడక్ ఏజో అనే క్లోరైడ్ కాగితాన్ని నూరేళ్ల పాటు అమ్మింది. ఎడ్వర్డ్ వెస్టన్ తన 8×10 నెగటివ్‌లను వేలాడదీసిన ఒక్క బల్బు కింద ఇలాంటి కాంటాక్ట్ కాగితాల మీదే వేశాడు. 2005లో కోడక్ బ్లాక్ అండ్ వైట్ కాగితాల తయారీ మొత్తం మూసేసింది. ఏజో పోయింది. అప్పుడు మైకేల్ స్మిత్, పౌలా చామ్లీ అనే ఫొటోగ్రాఫర్ దంపతులు ఏడుస్తూ కూర్చోలేదు. లోడిమా పేరుతో కొత్త క్లోరైడ్ కాగితం పూయించారు. కోడక్‌లో ఇంజినీరుగా చేసిన రాన్ మౌరీ ఇంకో అడుగు వేసి, ఏజో లాంటి పూతను ఎవరికి వారే వంటగది సామాన్లతో ఎలా చేసుకోవాలో జనానికి నేర్పాడు, పుస్తకం రాశాడు.

చూశారా, అక్కడ పోగొట్టుకున్నవాళ్లు ఏం చేశారో? ఇక్కడ మనం ఏం చేశామో చూద్దాం.

ఊటీ కొండ మీద హిందూస్తాన్ ఫొటో ఫిల్మ్స్ ఉండేది. 1960లో స్థాపించారు, 1967లో ఉత్పత్తి మొదలైంది. దుమ్ము లేని చల్లని గాలి కోసం వెతికి వెతికి ఆ చోటు ఎంచుకున్నారు. ఇందు పేరుతో ఫిలిం, ఫొటో కాగితం, ఎక్స్‌రే ఫిలిం చేసేది. మన స్టూడియోల్లో ఇందు డబ్బా లేని అలమర లేదు. కాగితం మీద వెండి పూత సమానంగా పరచడం, అదీ కటిక చీకట్లో, అదీ కిలోమీటర్ల పొడవున, ఎంత కష్టమైన విద్యో తెలుసా? మన దేశంలో మనుషులు దాన్ని నేర్చుకున్నారు. ఇక్కడి చేతులకు ఆ పని వచ్చింది. తర్వాత 1990ల్లో అప్పుల మీద అప్పులు, దిగుమతి సుంకాల కోతలు, ఖాయిలా పరిశ్రమ ముద్ర, చివరికి 2014లో కేంద్ర మంత్రివర్గం ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ ప్యాకేజీ ఆమోదించి చేతులు దులుపుకుంది. ఎక్స్‌రే మార్కెట్ పోయింది, సినిమా ఫిలిం పోయింది, నిజమే. అంత పెద్ద ఫ్యాక్టరీ అవసరం లేదు, అదీ నిజమే. ఒక్క చిన్న పూత మిషన్, దాన్ని నడపగల కొద్దిమంది, దేశంలోని పురావస్తు శాఖలకు, మ్యూజియాలకు, ఆర్ట్ కాలేజీలకు సరిపడా కాగితం. ఈ ఆలోచన ఢిల్లీలో ఒక్క బుర్రకు తట్టి ఉంటే ఈ రోజు కథ వేరు.

"నష్టాల కంపెనీని ఎవడు నడుపుతాడు?" అంటావా? ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్ కంపెనీ 2004లో దివాలా తీసింది. 2005లో అక్కడి మేనేజర్లే ముందుకొచ్చి కొనుక్కున్నారు. ఫొటో కాగితం ఇంకా పూస్తున్నారు, ప్రపంచమంతా అమ్ముతున్నారు. చెక్ దేశంలో ఫోమా సంస్థ పూస్తోంది. ఆ దేశ జనాభా కోటి పది లక్షల లోపే. 2011 జనాభా లెక్కల్లో మన రాయలసీమ నాలుగు జిల్లాలు కలిపితే కోటిన్నర. మన సీమ కన్నా తక్కువ మంది ఉన్న దేశం తన మొహాన్ని వేసుకునే కాగితం తానే చేసుకుంటుంటే, నూట నలభై కోట్ల దేశం ఒక్క షీటు చేసుకోలేదు. దీన్ని పురోగతి అని పిలిచేవాడితో నాకు మాటలు లేవు.

ఇక మన వారసత్వ రక్షకుల సంగతి. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన రాజా దీన్ దయాళ్ 1844లో పుట్టి 1905లో పోయాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టించినవాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించింది. మంచి పని, దండం పెడతాను. ఆ పలకలు దేనికోసం తయారయ్యాయో ఆలోచించండి. ఆ కాలంలో ప్రింటు అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం. సొనలో ఉప్పు, దాని మీద వెండి నైట్రేట్ పరిస్తే ఏర్పడేది వెండి క్లోరైడే. పలకను దాని మీద ఆనించి ఎండలో పెట్టేవాళ్లు. ఎండకు నల్లబడ్డ వెండే కింద ఉన్న పూతకు గొడుగు పట్టి, నీడలు మరీ నల్లబడకుండా ఆపుతుంది. ఈలోపు వెలుగు భాగాలు తీరిగ్గా ఎక్కుతాయి. ఆ గుణానికి తగ్గట్టు ఆ పలకలను బాగా దట్టంగా, బాగా తేడాగా తయారు చేసేవాళ్లు. ఆ పలకలకు వెండి క్లోరైడ్ తప్ప ఇంకో భాష రాదు. వాటిని ఈనాటి బ్రోమైడ్ మీద వేస్తే గొంతు నొక్కినట్టే. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద చూసి "భద్రపరిచాం" అని ప్రకటించడం పాటగాడి ఫొటో చూసి పాట విన్నానని చెప్పడమే.

స్కానింగ్ వద్దని ఎవరన్నారు? చేయండి, వెయ్యిసార్లు చేయండి. స్కాన్ చేసిన మర్నాడు అసలు పలకను అటక మీదికి, గోదాములోకి, చెదల పాలికి పంపే పద్ధతి ఈ దేశంలో ఎన్ని చోట్ల నడుస్తోందో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. హార్డ్ డిస్కు పదేళ్లు ఉంటే గొప్ప. దాని ఫార్మాట్ చదివే మిషన్ ఇంకో పదేళ్లు ఉంటే ఇంకా గొప్ప. దీన్ దయాళ్ పలక నూరేళ్లు దాటి కరెంటు లేకుండా, పాస్‌వర్డ్ లేకుండా, సాఫ్ట్‌వేర్ లేకుండా బతికే ఉంది. దాని మీదకు ఒక ఎండపొడ, దాని కిందకు ఒక క్లోరైడ్ కాగితం చాలు, అది మాట్లాడుతుంది.

దీన్ దయాళ్‌ది కాబట్టి దక్కింది. మన ఊరి స్టూడియోల నెగటివ్‌ల గతేమిటి?

చెప్తాను, వినే దమ్ముంటే. హైపోలో కరిగిన వెండి కోసం ఊరూరా తిరిగి పాత హైపో కొన్నవాళ్లున్నారు. ఎక్స్‌రే ఫిలిం, పాత నెగటివ్‌లు కిలోల లెక్కన తూకం వేసి కొని, కాల్చి, కరిగించి వెండి లాగినవాళ్లున్నారు. స్టూడియో మూసేసేటప్పుడు అల్మరా నిండా ఉన్న నెగటివ్ కవర్లను అమ్మేశారు. ఒక్కో కవరు మీద తేదీ, పేరు, సైజు. అవి మీ నాన్న, మా నాన్న, పెళ్లికి ముందు మన అమ్మలు. వాళ్ల మొహాల్లో ఉన్న వెండిని గోకి తీసి, ముద్ద చేసి, తిరిగి మనకే కుంకుమ భరిణెలుగా అమ్మారు. స్టూడియో యజమాని పేదవాడు, స్థలం లేదు, అద్దె కట్టలేడు, ఒప్పుకుంటా. ఊళ్లో ఉన్న పెద్దమనుషులు, లైబ్రరీ కమిటీలు, కళాపీఠాలు, విగ్రహాల కోసం లక్షలు చందా వేసుకునే సంఘాలు, వీళ్లలో ఒక్కరు ఒక బీరువా ఇచ్చారా? నెగటివ్‌లకు ఒక బీరువా! విగ్రహం ఉంటే పూలదండ వేసేటప్పుడు ఫొటో పడుతుంది. నెగటివ్ బీరువా దగ్గర ఫొటో పడదు కదా.

మహాలయ అమావాస్య నాడు మన ఇళ్లలో పెద్దలకు పెట్టుకుంటాం. పటానికి బొట్టు పెట్టి, కొత్త బట్టలు ముందుంచి, ఆకులో వడ, పాయసం వడ్డించి మొక్కుతాం. ఆ పటంలో ఉన్న తాత ఎవరు? ఈ మధ్య కొందరి ఇళ్లలో చూస్తున్నా. పాత ఫొటోను ఫోన్‌తో ఫొటో తీసి, ఏదో ఏఐ యాప్‌లో వేసి "క్లియర్" చేయించి, రంగులు పూయించి ఫ్రేము కట్టిస్తున్నారు. ఆ యాప్‌కు మీ తాత తెలియదు. దానికి తెలిసింది లక్షల మంది ఇతరుల మొహాలు. మీ తాత కంటికింద ముడత చెరిగిపోయిన చోట అది ఎవరి చర్మమో తెచ్చి అతికిస్తుంది. పెదవి మసకగా ఉన్న చోట ఎవరి పెదవో గీస్తుంది. వడ, పాయసం ఎవరికి పెడుతున్నావు నాయనా? నీ తాతకా, ఆ యాప్ ఊహించిన అపరిచితుడికా? ఆయన నెగటివ్ ఉండి, దాన్ని క్లోరైడ్ కాగితం మీద ఆనించి వేసి ఉంటే, ఆ కాగితం ఒక్క వెంట్రుక కూడా కొత్తగా కల్పించదు. లేనిదాన్ని చూపించే శక్తి దానికి లేదు. పూర్వీకుల విషయంలో నాకు కావలసిన గుణం అదొక్కటే.

ఇప్పుడు ఇంకో గుంపు. పట్నాల్లో ఆర్ట్ ఫొటోగ్రాఫర్లు. కాలం చెల్లిన పాత ఏజో డబ్బా ఒకటి ఎక్కడి నుంచో తెప్పించి, దాన్ని దేవుడి పెట్టెలా దాచుకుని, ప్రింటుకు పక్కన "లిమిటెడ్ ఎడిషన్" అని రాసి లక్షల్లో ధర పెట్టే జనం. వీళ్ల వల్ల ఆ కాగితానికి కీడు తప్ప మేలు లేదు. రైల్వే కూలీ మొహం వేసిన కాగితాన్ని వీళ్లు ధనవంతుల డ్రాయింగ్ రూముకు తాకట్టు పెట్టారు. కిటుకు చెప్పమంటే నోరు మెదపరు. డెవలపర్ ఫార్ములా అడిగితే మొహం తిప్పుకుంటారు. విద్య దాచుకునేవాడు ఆ విద్యకు శత్రువు. డిజిటల్ వాడి కన్నా పెద్ద శత్రువు. ఎందుకంటే డిజిటల్ వాడికి ఇది తెలియదు, వీళ్లకు తెలుసు.

వీళ్లు దాచుకునే రహస్యం పెద్దదేమీ కాదు. నేను ఇక్కడే విప్పుతాను.

ఉప్పు. వెండి నైట్రేట్. కాగితం. ఇంతే. 1830ల్లో ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. గట్టి మంచి డ్రాయింగ్ కాగితాన్ని వంద మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఉప్పు చొప్పున కలిపిన ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టు. పసుపు బల్బు కింద 12 శాతం వెండి నైట్రేట్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి బ్రష్‌తో పూయి. చీకట్లో ఆరబెట్టు. నెగటివ్ ఆనించి అద్దం బిగించి ఎండలో పెట్టు. కావలసినదానికన్నా ముదురు రంగు వచ్చేదాకా ఉంచు, హైపోలో కాస్త వెలుస్తుంది. ముందు నీళ్లలో కడుగు, తర్వాత హైపో, తర్వాత మళ్లీ బాగా కడుగు. చేతికి గ్లవుజులు, కంటికి అద్దాలు తప్పనిసరి. వెండి నైట్రేట్ చర్మాన్ని నల్లగా మరక చేస్తుంది, కంట్లో పడితే కన్ను పోతుంది. పిల్లల్ని దూరంగా ఉంచు. వాడిన హైపోను కాలవలో పోయకు, అందులో వెండి ఉంది. ఇది చేతికొచ్చాక రెండో మెట్టు: అదే ఉప్పు, అదే వెండి, మధ్యలో జెలటిన్. ఈసారి ఉప్పు పాలు వెండి కన్నా కాస్త ఎక్కువ. అప్పుడు ఎండ అక్కర్లేదు, బల్బు కింద కొన్ని క్షణాలు చాలు. బొమ్మ డెవలపర్‌లో తేలుతుంది. వెండి పూతలన్నింట్లో క్లోరైడ్ పూత చేయడం సులువు. మొదటి షీట్లు చారలు పడతాయి, మచ్చలు పడతాయి. పడనీ. రాగి సంకటి మొదటిరోజే ఉండకట్టకుండా కెలికావా?

"నెగటివ్ ఎక్కడిది, రీలు కెమెరా ఎక్కడిది?" అనే సాకు కూడా నీ చేతిలో నుంచి లాక్కుంటా. ఫోన్‌లో తీసిన ఫొటోను నలుపు తెలుపుగా మార్చి, వెలుగు నీడలు తారుమారు చేసి, ఇంక్‌జెట్ ప్రింటర్‌తో పారదర్శక షీటు మీద ప్రింట్ తీస్తే అదే నెగటివ్. సైజు నీ ఇష్టం. ప్రపంచంలో ఈ పద్ధతితో క్లోరైడ్ మీద వేస్తున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కాబట్టి ఈ కాగితం భవిష్యత్తుకు రీలు ఫిలిం బతకాల్సిన పని కూడా లేదు. ఫోన్‌కు, ఈ కాగితానికి వైరం లేదు. వైరం నీ సోమరితనానికి, ఈ కాగితానికి మధ్యే.

ఖర్చంటావా? లెక్క కట్టు. ఫొటో కాగితం మీద చదరపు మీటరుకు సుమారు ఒకటి నుంచి 2 గ్రాముల వెండి ఉంటుంది. 2 గ్రాములే వేసుకో. 8×10 అంగుళాల షీటు ఒక్కటికి పట్టేది గ్రాములో పదో వంతు. ఇంట్లో ఆడపిల్లకు చేయించే 50 గ్రాముల పట్టీల జతలో ఉన్న వెండితో మిషన్ పూతలో దాదాపు 500 షీట్లు పూయొచ్చు. చేతిపూతలో వృథా జాస్తి, సగమే వచ్చాయనుకో. 250 మొహాలు. ఊరిలో ఒక వీధి మొత్తం. ఒక పెళ్లిలో డ్రోన్ ఎగరేయడానికి నువ్వు చెల్లించిన డబ్బు ఎంతో గుర్తుందా? ఆ డ్రోన్ తీసిన వీడియో ఇప్పుడు ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందో గుర్తుందా?

ప్రభుత్వానికి నా డిమాండ్ ఒక్కటే, పెద్దదేం కాదు. ఊటీలో పూత విద్య నేర్చి విరమణ తీసుకున్నవాళ్లు ఇంకా కొందరు బతికి ఉన్నారు. వాళ్లను వెతికి పట్టుకోండి. తిరుపతిలో యూనివర్సిటీలున్నాయి, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లున్నాయి, వెండి నైట్రేట్ సీసాలు అక్కడ అల్మరాల్లోనే ఉన్నాయి. ఆ మనుషులను, ఆ సీసాలను, కొందరు విద్యార్థులను ఒక గదిలో చేర్చండి. దీన్ దయాళ్ పలకల్లో దెబ్బతినని కొన్నింటిని ఎంచి, నిపుణుల చేతులతో, క్లోరైడ్ కాగితం మీద ఆనించి వేయించి హైదరాబాద్‌లో, తిరుపతిలో జనం ముందు పెట్టండి. స్కాన్ ప్రింటును పక్కనే వేలాడదీయండి. ఏది మనిషి మొహమో ఏది మసక ముద్దో చంటిపిల్లవాడు కూడా చెప్తాడు. అలా చేయడానికి భయం ఎందుకు? పక్కపక్కన పెడితే ఇన్నేళ్ల నిర్లక్ష్యం బయటపడుతుందనా?

నన్ను పాతకాలం మనిషి అంటారు, అనండి. పిచ్చి పట్టింది అంటారు, అనండి. నా మీద వ్యాసాలు రాయండి, సభల్లో ఎగతాళి చేయండి. మీ కలర్ ల్యాబ్ అసోసియేషన్లు, మీ ఆర్ట్ గ్యాలరీలు, మీ వారసత్వ కమిటీలు అందరూ కలిసొచ్చినా సరే, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి తర్వాత నన్ను తిట్టండి: మీ మనవడి మనవడి చేతికి మీ మొహం ఏ వస్తువు మీద అందుతుంది? వస్తువు పేరు చెప్పండి. క్లౌడ్ అనకండి. అది ఎవడిదో వేరేవాడి కంప్యూటర్, అద్దె కట్టినన్నాళ్లే నీది.

జవాబు లేనివాడికి నా దగ్గర పనుంది. ఈ ఊళ్లో గానీ, మీ ఊళ్లో గానీ మూతపడ్డ స్టూడియో ఏదైనా ఉంటే, ఆ ఇంటికి ఈ వారమే వెళ్లు. పెద్దాయన ఉంటే ఆయనతో, లేకపోతే కొడుకుతో, కోడలితో మాట్లాడు. నెగటివ్ కవర్లు మిగిలాయా అని అడుగు. మిగిలి ఉంటే పాత సామాన్లవాడు ఎంత ఇస్తానన్నాడో అడిగి, అంతకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చి తెచ్చుకో. గాజు పలకలైతే నిలువుగా, ఒక్కొక్కటి వేర్వేరు కాగితంలో చుట్టి పెట్టు. ఒకదాని మీద ఒకటి పేర్చకు, అడుగున ఉన్నవి పగులుతాయి. ఫిలిం అయితే వేడికీ తేమకీ దూరంగా ఉంచు, పుల్లటి వెనిగర్ వాసన కొట్టే వాటిని వేరు చేసి ముందు వాటినే ప్రింటు వెయ్యి, వాటికి టైము లేదు. కవర్ల మీద రాసిన పేర్లను చింపొద్దు. ఆ తర్వాత ఉప్పు కలుపు.